చూసేవాళ్ళు వచ్చేదాకా

పాప పని చేసుకుందని ఏడవకముందే ఆమెకు తెలిసిపోతుంది. ముందు కాళ్ళు రెండూ పొట్టలోకి ముడుచుకుంటుంది, మొహం కందిపోయేలా ముక్కుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వదులైపోయి, ఈ లోకంతో తనకేం సంబంధం లేనట్టు పైకప్పు వంక చూస్తుంది. వెనకాలే గుడ్డలోంచి పులిసిన పాల వాసన.

"ఏవండీ, పాప పని చేసుకుంది," అని మంచం మీంచే పిలిచింది.

కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పక్కకి తిరగాలంటే మోకాళ్ళు మడిచి, అరచెయ్యి పొట్టకి ఆనించి, ఊపిరి బిగబట్టి తిరగాలి. వంగొద్దు, బరువెత్తొద్దు అని డాక్టరమ్మ ఇంటికి పంపేముందు మరీ మరీ చెప్పింది. అందుకని పాలివ్వడం ఆమె వంతు, శుభ్రం చేయడం అతని వంతు అనుకున్నారు. అతను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఈ పంపకం విని అత్తగారు మొదట "మగాడితోనా!" అని బుగ్గలు నొక్కుకుంది. మర్నాటికల్లా ఆవిడే గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరికీ కొడుకు మంచితనం చెప్పుకుని మురిసిపోయింది.

అతను వచ్చాడు. పాప మీద దుప్పటి తీసి, నడుం దగ్గర గుడ్డ అంచు రెండు వేళ్ళతో ఎత్తి లోపలికి చూశాడు. చూసి, మళ్ళీ ఎలా ఉందో అలాగే మూసేశాడు. గోడ గడియారం వంక ఓ చూపు విసిరాడు.

"నిద్రపోతోంది. ఇప్పుడు కదిపితే లేస్తుంది," అన్నాడు.

"కళ్ళు తెరుచుకునే ఉందండీ."

"పోబోతోందిలే. నువ్వు కంగారుపడకు."

వేడినీళ్ళు తేవడానికి వెళ్ళాడేమో అనుకుంది. హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. పాప సణగడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి చాచి పాప పొట్ట మీద వేసి, అలాగే తడుతూ ఉండిపోయింది. అంతలో కాలింగ్ బెల్ మోగింది. పైవాటా దంపతులు, యాపిల్ పళ్ళ సంచితో.

"రండి రండి! సరిగ్గా టైముకి వచ్చారు," అంటున్న అతని గొంతు వినబడింది. గదిలోకి గబగబా వచ్చి పాపను ఎత్తుకుని, "అయ్యయ్యో, చుట్టాలు రాగానే నాన్నకి పని చెప్పావా తల్లీ!" అంటూ హాల్లోకి తీసుకుపోయాడు. ఇప్పుడే తెలిసినట్టు.

హాల్లో ఆమె బల్ల ఉంది. బట్టలు కుట్టడం ఆమె వృత్తి. గుడ్డలు పరిచి కత్తిరించుకునే నడుమెత్తు బల్ల అది. దాన్ని మంచం పక్కన వేస్తే తనే నిలబడి, వంగకుండా పాపను మార్చుకోగలదు. ఆ మాటే అడిగింది. హాల్లో వెలుతురు బాగుంటుందని అతను దాన్ని అక్కడే ఉంచేశాడు. ఇప్పుడు తలుపు సందులోంచి ఆమెకు కనిపించేవి అతని వీపు, దానికి రెండు పక్కలా పైవాటా వాళ్ళ మొహాలు.

అతను ఇంటి సామాన్ల దుకాణంలో నేల తుడిచే యంత్రాలూ, మరకలు తీసే మందులూ కొనేవాళ్ళ ముందు చేసి చూపించే ఉద్యోగి. తోటివాళ్ళు డెమో మాస్టారు అంటారు. ఆ గొంతే ఇంట్లోనూ.

"చూడండి సార్. ముందు తడిగుడ్డ. పైనుంచి కిందికి ఒక్క తుడుపు. అంతే. చేతికి అంటిందా? అంటలేదు. మడత ఇలా. ముడి ఇలా. పిల్ల నవ్వుతోందా లేదా?"

"నేనైతే ఈ వాసనకే పడిపోతానండీ బాబూ," అని పైవాటాయన ముక్కు మూసుకున్నాడు.

"ముగ్గురు పిల్లలకి తండ్రి ఈ మహానుభావుడు. ఒక్కళ్ళ ముడ్డీ చూసిన పాపాన పోలేదు," అంది పైవాటావిడ. "పెట్టిపుట్టింది మీ ఆవిడ."

"వాడి గుణమే అంత," అంది అత్తగారు, టీ కప్పులు తెస్తూ.

వెళ్ళేముందు పైవాటావిడ గదిలోకి తల పెట్టింది. "ఏమ్మా, ఎలా ఉన్నావ్? అన్నీ ఆయనే చేస్తున్నాడుగా, హాయిగా పడుకో," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

పాలివ్వడానికి పాపను తీసుకున్నప్పుడు ఆమె గుడ్డ విప్పి చూసింది. కనిపించేంత మేర అద్దంలా ఉంది. తొడల మడతలు విడదీసి చూస్తే లోపల పసుపు పచ్చగా ఎండి, చారలు కట్టి ఉంది. తాగే గ్లాసులో నీళ్ళతో చేతిగుడ్డ తడుపుకుని, ఒక్కో మడతా విప్పుతూ మెల్లగా అద్ది తీసింది. పాలు తాగే పసిబిడ్డ మలంలో అసహ్యమేముంది? అసహ్యం దాని గురించి కాదు. హాల్లోంచి వినిపిస్తున్న అతని ఈల గురించి.

*

మర్నాడు అతని చిన్నత్త వస్తానంది. అంతకుముందే పాప పని చేసుకుంది. ఈసారి ఆమె పిలవలేదు. కళ్ళు మూసుకుని నిద్ర నటించింది.

అతను వచ్చి గుడ్డ ఎత్తి చూశాడు. ఫోను తీసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "అత్తా, ఎంతవరకూ వచ్చారు? పెట్రోలు బంకు దాటారా? సరే సరే, రండి." గుడ్డ మూశాడు. పాప కాలు విదిలిస్తే గుడ్డ వదులైంది. దాన్ని మళ్ళీ బిగించి కట్టాడు. లోపలిది బయటికి రాకుండా, చక్కగా, రెండు చేతులతో.

ఆమె రెప్పల సందులోంచి చూస్తూనే ఉంది. తన పక్కలో పడుకునే మనిషి, తన బిడ్డకి తండ్రి, ఆ బిడ్డను దాని మలంలోనే కాసేపు ఊరబెట్టడానికి ముడి బిగిస్తున్నాడు. దుకాణంలో తెల్లటి పలక మీద కాఫీ డికాక్షన్ ఒలకబోసి, జనం చేరేదాకా ఆగి తుడుస్తానని అతనే నవ్వుతూ చెప్పేవాడు. చేరకముందే తుడిచేస్తే చూడ్డానికేముంటుందనేవాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

"విప్పండి," అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. "నువ్వు పడుకోలేదా?"

"గుడ్డ విప్పి కడగండి. ఇప్పుడే."

"అత్త వచ్చేస్తోంది కదే. వచ్చాక..."

"ఆవిడొస్తేనేం, రాకపోతేనేం? పాపకి మండుతుందండీ."

"అయిదు నిమిషాల్లో ఏమైపోతుంది? నీకు మరీ చాదస్తం పట్టుకుంది. చేసేవాడు దొరికాడు కదా అని వంకలు పెడుతున్నావా? మీ అన్న చేశాడా? మా అన్న చేశాడా? అడుగు." ఎక్కడా కోపం లేదు అతని గొంతులో, కొనాలా వద్దా అని తటపటాయించే మనిషికి నచ్చజెప్తున్నట్టే ఉంది. చివర్న ఆమె గడ్డం పట్టుకుని ఊపి మరీ వెళ్ళాడు. ఆ వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టి వచ్చాయో ఆమెకు తెలుసు. గౌను చేతితో గడ్డం రుద్దుకుంది.

చిన్నత్త వచ్చింది. పాప హాల్లోకి వెళ్ళింది. "చూడండి అత్తా" అన్న మాట, తడిగుడ్డ, ఒక్క తుడుపు, మడత, ముడి. చిన్నత్త ఫోనులో వీడియో తీసింది. పాప ఏడుపు ముందు రోజులా సణుగుడు కాదు, గొంతు చించుకునే ఏడుపు. "కొత్త మొహం చూసి బెదిరింది," అన్నాడు అతను.

విడిచిన గుడ్డల్ని అతను స్నానాల గదిలో బకెట్లోకి విసిరేస్తాడు. అక్కడితో అతని పని సరి. అవి ఉతికేది అత్తగారు. చిన్నపీట మీద మోకాళ్ళు చాపుకుని కూర్చుని, బ్రష్షుతో రుద్ది, జాడించి, వేడినీళ్ళలో వేస్తుంది. దానికి వీడియోలు తీసేవాళ్ళెవరూ లేరు.

చిన్నత్త వెళ్ళాక ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా స్నానాల గది దాకా వెళ్ళింది. "అత్తయ్యా," అంది గుమ్మంలో నిలబడి. "ఆయన కావాలనే ఆపుతున్నారు. ఎవరైనా వచ్చేదాకా పాపని అలాగే ఉంచేస్తున్నారు. నా కళ్ళతో చూశాను."

అత్తగారు బ్రష్షు ఆపలేదు. "వెళ్ళి పడుకో. నిలబడకు."

"నిజం అత్తయ్యా."

"ఆ ఏం నిజం. మా ఆయన పిల్లాడిని ఎత్తుకోవాలన్నా ముందు తువ్వాలు కప్పమనేవాడు. నువ్వేమో మొగుడు కడుగుతుంటే కూడా, తీరిగ్గా పడుకుని తప్పులు ఎన్నుతున్నావ్. ఎవరి ముందైనా అనేవు, నవ్విపోతారు." గుడ్డ పిండి దులిపింది. నీటి చుక్కలు ఆమె మొహం మీద పడ్డాయి.

*

ఆ తర్వాతి రోజు పొద్దున్న ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చింది. బాలింతలున్న ఇళ్ళు తిరిగి చూసిపోవడం ఆవిడ పని. భుజాన సంచి, చేతిలో పాపని తూచే త్రాసు. మనిషి మంచిదే, కానీ నోరు ఊరుకోదు. పాపను తూచింది, బొడ్డు చూసింది, గుడ్డ విప్పింది. విప్పి ఆగిపోయింది.

పాప పిరుదులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. మడతల దగ్గర తోలు ఊడి, పచ్చిగా తడి మెరుస్తోంది.

"ఏమ్మా, ఏంటిది?" నర్సు ఆమె వైపు తిరిగింది. "పిల్లని ఇలాగేనా ఉంచేది? తడి గుడ్డలో ఎంతసేపు పడేస్తున్నారు? తల్లివి, నీకు తెలియక్కర్లేదా?"

ఆమె నోరు తెరిచింది. అతను తలుపు దగ్గరే ఉన్నాడు. అతనే చెప్తాడేమో అని ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణమే ఆమె చేసిన తప్పు.

"ఆవిణ్ణి ఏమనకండి సిస్టర్," అన్నాడు అతను మెత్తగా. "ఆపరేషన్ మనిషి, నీరసంగా ఉంది. ఇకనుంచి నేను చూసుకుంటాను. పగలూ రాత్రీ నేనే చేస్తాను."

నర్సు మొహం విప్పారింది. "ఇదిగో, ఇలాంటి తండ్రులు ఇంటికొకడుంటే మాకు సగం పని తగ్గును. మందు రాసిస్తాను. గంట గంటకీ చూడాలి. పని చేసుకున్న వెంటనే కడిగి, ఆరబెట్టి, ఇది పూయాలి. ఒక్క పూట అశ్రద్ధ చేసినా పుండు పడుతుంది, చీము పడితే మళ్ళీ ఆసుపత్రే. వింటున్నావా అమ్మా? ఆయన మంచోడు కదా అని అన్నీ ఆయన నెత్తిన వెయ్యకు."

"వింటున్నాను," అంది ఆమె.

ఇంత పచ్చి అబద్ధం తన మొహం మీదే ఉమ్మేసినట్టు అనిపించినా నోరు పెగల్లేదు. ఏం చెప్పినా, మంచం మీద పడుకున్న మనిషి పనిచేసే మనిషి మీద చాడీ చెప్పినట్టే ఉంటుంది. అతను నర్సుని గుమ్మం దాకా సాగనంపాడు. దారిలో అత్తగారికి కూడా వినపడేలా "పాపం సిస్టర్, రోజంతా తిరుగుతారు," అన్నాడు. ఎవరి గుండెలో ఏ చోట నొక్కితే మెత్తబడుతుందో అతనికి బాగా తెలుసు.

మందు మాత్రం వెంటనే తెచ్చాడు. డబ్బా హాల్లో బల్ల మీద పెట్టాడు, వచ్చినవాళ్ళకి పేరు కనిపించేలా ముందుకు తిప్పి.

*

ఆ సాయంత్రం దుకాణం మేనేజరు, ఆయన భార్య వస్తున్నారు. మధ్యాహ్నం నుంచీ అతను ఇల్లు సర్దుతున్నాడు. షర్టు మార్చుకున్నాడు. అత్తగారు బిస్కెట్ల పళ్ళెం సిద్ధం చేసింది.

ఇంకా ఎండ ఉండగానే పాప కాళ్ళు ముడుచుకుని ముక్కింది. పని అయీ అవగానే కెవ్వుమంది. ఒలిచిన చర్మానికి అది తగిలి ఉంటుంది.

అతను వచ్చి చూశాడు. "ఇదిగో, సందు తిరిగారట. రెండే రెండు నిమిషాలు," అన్నాడు. పాప నోట్లో తన చూపుడు వేలు పెట్టాడు. పాప ఒక్క క్షణం చీకి, మోసం కనిపెట్టినట్టు వదిలేసి మళ్ళీ ఏడ్చింది. "మేనేజరుకి ఇలాంటివంటే చాలా ఇష్టం. ఆయన కూతురు పురుడు పోసుకున్నప్పుడు అల్లుడు పక్కకి కూడా రాలేదట. ఎప్పుడూ చెప్పుకుని బాధపడతాడు. నీకర్థం కాదు." షర్టు గుండీ పెట్టుకుంటూ బయటికి వెళ్ళి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆమె లేచింది. కాళ్ళు కిందికి దింపడానికి ఎంత సేపు పట్టిందో తెలియదు. తలుపు దగ్గరగా వేసింది. వంగకూడదు, వంగకుండా ఎలా? మంచం పక్కన మోకాళ్ళ మీదికి దిగింది. దిగుతుంటే పొట్టలో ఏదో పట్టేసి, పళ్ళు కొరుక్కుంది. మంచం ఇప్పుడు ఆమె రొమ్ముల ఎత్తున ఉంది. ఫ్లాస్కులో తాగడానికి పోసిన వేడినీళ్ళు గిన్నెలో వంపి, గ్లాసులో చల్లనీళ్ళు కలిపి, మోచేతితో వేడి చూసుకుంది. గుడ్డ విప్పింది. అంచుల దగ్గర అప్పుడే ఎండి తోలుకి పట్టుకుంటోంది. లాగకూడదు. నీళ్ళు చుక్కచుక్కగా వేసి నాననిచ్చింది. పాప కాళ్ళు తన్నుతోంది. రెండు పాదాలూ ఎడమ చేత్తో పట్టుకుంటే గుడ్డ తడపడానికి చెయ్యి చాలడం లేదు. కాళ్ళు వదిలితే మడమలు అందులో పడుతున్నాయి.

"అమ్మాయ్, మంచి కప్పులు ఆ అలమారలోనే..." అంటూ అత్తగారు తలుపు తోసింది.

ఆవిడ చూసింది. నేల మీద మోకాళ్ళూని చెమటతో తడిసిపోయిన కోడల్ని, పక్కమీద విప్పిన గుడ్డని, పాప ఒళ్ళుని. హాల్లో ఈల వేస్తూ నిలబడ్డ కొడుకు వైపు ఓసారి తల తిప్పింది. కప్పుల సంగతి మళ్ళీ ఎత్తలేదు. తలుపు మూసి, మంచం మీద కూర్చుని, పాప రెండు పాదాలూ కలిపి పైకి పట్టుకుంది.

ఆమె మడత మడతా విడదీసి కడిగింది, పొడిగుడ్డతో అద్దింది, తుడవలేదు. నోటితో ఊది ఆరబెట్టింది. చల్లగాలి తగిలి పాప ఏడుపు మధ్యలో ఆగి, ఎక్కిళ్ళలోకి దిగింది. మందు హాల్లో ఉంది. అత్తగారే వెళ్ళి తెచ్చింది. కొడుకు "అదెందుకమ్మా ఇప్పుడు, అక్కడే ఉండనీ," అంటే వినిపించుకోలేదు.

కొత్త గుడ్డ ముడి వేసేసరికి బెల్ మోగింది. మాటలు, నవ్వులు, చెప్పులు విడిచిన చప్పుడు. అతను తలుపు తోసుకుని వచ్చి, ఎవరి వైపూ చూడకుండా పాపను ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వెనకే అత్తగారు కోడలి రెండు చంకల కింద చేతులు వేసి లేపింది. లేచి నిలబడ్డాక ఆమె మంచం మీద పడుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి, తలుపుకి ఆనుకుంది.

"సార్, సరిగ్గా డ్యూటీ టైముకి వచ్చారు," అంటున్నాడు అతను. పాపను బల్ల మీద పడుకోబెట్టాడు. చేతులు రుద్దుకున్నాడు. ముడి విప్పాడు.

గుడ్డ తెల్లగా, పొడిగా ఉంది. మందు తప్ప ఏమీ లేదు.

అతని చేతులు గాల్లో ఆగాయి. ఎంతసేపో కాదు, రెప్పపాటు. వెంటనే నవ్వు మొహానికి తగిలించుకుని, "చూశారా సార్," అన్నాడు. "ఇందాకే కడిగి, మందు రాసి, ఆరబెట్టి ఉంచాను. గంట గంటకీ చూస్తూ ఉంటానన్నమాట. పిల్లకి కాస్త ఒరిపిడి వచ్చింది, నాకసలు మనసు మనసులో లేదు."

"శభాష్," అన్నాడు మేనేజరు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. "మా అల్లుడికి నిన్ను చూపించాలయ్యా."

తలుపుకి ఆనుకున్న ఆమెకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. నోట్లో చేదు నీళ్ళు ఊరాయి. ఈ మనిషి తను పడిన బాధని కూడా తీసుకుని తొడుక్కున్నాడు, అదీ ఒంటికి సరిగ్గా సరిపోయేట్టు.

"నువ్వెప్పుడు కడిగావురా?"

అత్తగారి గొంతు. పెద్దగా అరవలేదు. బిస్కెట్ల పళ్ళెం ఆవిడ చేతిలోనే ఉంది.

"అదేంటమ్మా, ఇందాకే..."

"ఇందాక నువ్వు గుమ్మంలో నిలబడి వీళ్ళ కోసం చూస్తున్నావు. కడిగింది కోడలు. నేల మీద మోకాళ్ళూని కడిగింది, కుట్లతో. కాళ్ళు నేను పట్టుకున్నాను." పళ్ళెం బల్ల మీద పెట్టింది. "పిల్ల పని చేసుకుందని నీకు ముందే తెలుసు. చూసి మూసి వచ్చావు. నిన్నా అంతే, మొన్నా అంతే. నాకు చెప్పింది. నేనే నమ్మలేదు."

మేనేజరు పాప వైపు చూశాడు. ఎర్రగా కమిలిన చర్మం వైపు, మందు తెల్లటి పూత వైపు. ఆయన భార్య మాత్రం గుమ్మంలో ఉన్న ఆమె వైపు చూసింది. గౌను మోకాళ్ళ దగ్గర తడిసి ఉంది. మేనేజరు భార్యే లేచి, విప్పిన గుడ్డ ముడి వేసి, పాపను ఎత్తి తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది.

"పడుకో అమ్మా. మేం ఇంకోసారి వస్తాం," అంది.

టీ ఎవరూ తాగలేదు. మేనేజరు వెళ్ళేముందు ఏదో ఒకటి అనాలి కాబట్టి "జాగ్రత్త," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

తలుపు మూసుకున్నాక అతను తల్లి మీద విరుచుకుపడ్డాడు. "ఆయన ముందా? సరిగ్గా ఆయన ముందే అనాలా? తల కొట్టేసినట్టయింది నాకు. రేపు షాపులో మొహం ఎలా చూపించాలి?"

అత్తగారు కుర్చీలో కూర్చుని మోకాళ్ళు పిసుక్కుంటోంది. "గుడ్డలు నానుతున్నాయి," అంది. కుర్చీలోంచి లేవలేదు.

కాసేపటికి స్నానాల గదిలో కుళాయి తిప్పిన శబ్దం వచ్చింది. బకెట్టుని కాలితో తన్నినట్టున్నాడు. ఓసారి ఓకరించాడు, ఇంకోసారి. తర్వాత బ్రష్షు చప్పుడు, మొదట కోపంగా, తర్వాత మామూలుగా, చాలాసేపు.

ఆమె గోడ వైపు తిరిగి పాలిస్తోంది. పాప ఒక చేత్తో గౌను పట్టుకుని, కళ్ళు సగం మూసి తాగుతోంది. వెనక గుమ్మంలో మనిషి వచ్చి నిలబడిన అలికిడైంది. పిండిన గుడ్డల్లోంచి నీళ్ళు నేల మీద టపటపా కారుతున్నాయి.

"ఉతికేశాను," అన్నాడు.

హాల్లో అత్తగారు పలకలేదు.

"అన్నీ ఉతికేశాను. చూడు, ఒక్క మరక లేదు."

మెడ కొంచెం తిప్పితే చాలు, కనిపిస్తాడు. చేతుల్లో గుడ్డలు ఎలా పట్టుకున్నాడో, మొహం ఎలా పెట్టాడో ఆమెకు చూడకుండానే తెలుసు. ఇన్నాళ్ళ అలవాటు మెడని లాగింది కూడా. ఆమె పాప నెత్తి మీద, మెత్తగా కొట్టుకుంటున్న మాడు మీద పెదవులు ఆనించి, అలాగే ఉండిపోయింది.

నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అతను ఒకసారి దగ్గాడు, ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత అడుగులు వెనక్కి మళ్ళాయి. బాల్కనీలో తడి గుడ్డ ఒకటి గట్టిగా దులిపి తీగ మీద వేసిన చప్పుడు వినిపించింది. ఆ వెనక ఇంకొకటి.